మిరియమ్ వంటింట్లో పెరుగు

ప్రేమజ్యోతి నోటికి జడవని తెలుగువాడు అమెరికాలోని ట్రాయ్ ఊళ్లో లేడు. ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పెద్ద పెద్ద డాక్టర్లను గది గుమ్మంలోనే ఆపి "చేతులు కడుక్కున్నారా?" అని నిలదీసిన నోరది. మొగుడు నతానియేల్ కార్ల కంపెనీలో ఇంజనీరు, పాపం, గొంతెత్తి ఎరగడు. ఆ ఇంట్లో ఆయన వాటా గొంతు కూడా ఆవిడే వాడేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, ప్రేమజ్యోతి లెక్కలో ముందు ఊరు మంచిదవ్వాలి, ఆ తర్వాతే నోటి సంగతి. ఏ ఊరూ ఆవిడకి అంత మంచిగా కనపడలేదు.

అయినా ట్రాయ్ తెలుగు క్రైస్తవ సంఘం పుట్టింది ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లోనే. మొదట్లో నాలుగు కుటుంబాలు, చిరతలు, ఒక హార్మోనియం, ఆవిడ వండిన కోడికూర. జనం పెరిగాక ఒక అమెరికన్ చర్చి వాళ్లు మధ్యాహ్నం పూట హాలు ఇచ్చారు. ఆర్నెల్లకే కార్పెట్‌కి మసాలా వాసన పట్టిందని సాగనంపారు. ఇంకో చోట పాటలు గట్టిగా పాడుతున్నారని పంపేశారు. ప్రభువుని నమ్ముకున్నవాళ్లే ప్రభువుని నమ్ముకున్నవాళ్లని బయటికి పంపితే ఇక ఎవరికి చెప్పుకోవాలి? చివరికి చోటిచ్చింది యూదులు.

వాళ్ల సమాజమందిరం వెనక పెద్ద హాలు, దాన్ని ఆనుకుని వంటిల్లు. వాళ్ల పిల్లలు పెద్దవాళ్లై వేరే ఊళ్లకి వెళ్లిపోయారు, ముసలివాళ్లే మిగిలారు. హాలు ఖాళీగా ఉంచడమెందుకని అద్దెకిచ్చారు. శుక్రవారం మధ్యాహ్నం దగ్గర్లోని ఆఫీసుల్లో పనిచేసే ముస్లింలు చాపలు పరుచుకుని నమాజు చేసుకుంటారు. శనివారం యూదుల విశ్రాంతి దినం. ఆదివారం మనవాళ్లు. గోడకి సిలువ తగిలించి ఆరాధన చేసుకుని, వెళ్లేటప్పుడు దాన్ని దించి కార్‌లో పెట్టుకెళ్లాలి. చెప్పులు విప్పడం ముస్లింలకీ మనకీ ఒకటే, యూదులు బూట్లతోనే లోపలికొస్తారు. వాళ్ల మగవాళ్లు దేవుడి ముందు తల కప్పుకుంటే మన మగవాళ్లు తల మీద ఉన్నది తీసేస్తారు. మన ఆడవాళ్లు కొంగు కప్పుకుంటే ముస్లిం ఆడవాళ్లు ఎలాగూ కప్పుకునే వస్తారు. ముగ్గురూ అబ్రాహాము మా తండ్రి అనేవాళ్లే. ఒకే తండ్రి బిడ్డలు ఒకే ఇంట్లో వంతులేసుకుని ఉంటున్నారన్నమాట. అన్నదమ్ముల మధ్య ఉండే ప్రేమ ఎలాంటిదో మనకి తెలియంది కాదు గదా!

ప్రేమజ్యోతికి ఆ ఇద్దరి మీదా సదభిప్రాయం లేదు. యూదులు ఇంటికొచ్చిన రక్షకుణ్ణి గుమ్మంలోంచే తోలేసినవాళ్లు. ముస్లింలు ఆయన్ని ఉత్త ప్రవక్త అని సరిపెట్టినవాళ్లు. అసలు వారసులం మనమే. కార్‌లో కూర్చోగానే నతానియేల్‌కి ఈ పాఠం మొదలయ్యేది. ఆయన సిగ్నల్ లైటు వైపు చూస్తూ ఊఁ కొట్టేవాడు.

అన్నిటికంటే ఆవిడకి ఒళ్లు మండించింది ఆ వంటిల్లు. దాని పెత్తనం మిరియమ్‌ది. డెబ్బై దాటిన మనిషి, బక్కపలచగా ఉంటుంది, మెళ్లో తాళాల గుత్తి. మొదటి రోజే నియమాలు చెప్పింది. ఎర్ర టేపు అంటించిన వైపు గిన్నెలు, గరిటెలు మాంసానికి. నీలం టేపు వైపువి పాలు, పెరుగు, వెన్నకి. ఇవి అటు వెళ్లకూడదు, అవి ఇటు రాకూడదు. మాంసం వాళ్లు చెప్పిన కోషర్ కొట్లోనే కొనాలి. మాంసంలో పాలచుక్క పడకూడదు. పొయ్యి మాత్రం మిరియమే వెలిగించాలి, వంట మనం చేసుకోవచ్చు.

"ఏం, మన చెయ్యి నిప్పుకి కూడా పనికిరాదా?" అంది ప్రేమజ్యోతి ఆ రోజు ఇంటికొస్తూ.

"వాళ్ల పద్ధతి వాళ్లది జ్యోతీ," అన్నాడు నతానియేల్.

"ఏం పద్ధతండీ! మేకపిల్లని తల్లిపాలల్లో ఉడకెయ్యొద్దన్నాడు మోషే, సరే. కోడి పాలిస్తదా? కోడిని పెరుగులో వేస్తే ఏ తల్లి ఏడ్చింది? ఆ ధర్మశాస్త్రం ప్రభువు వచ్చాక అయిపోయింది. పేతురుకి దర్శనంలో దేవుడే దుప్పట్లో అన్ని జంతువులూ దించి తినమనలా?"

నతానియేల్ కార్ రేడియో పెట్టాడు.

ఎంత తిట్టుకున్నా ఏడాది పాటు ఆవిడ ఆ నియమం తప్పలేదు. అదీ చెప్పుకోవాలి. ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమవిందుకి పెరుగు లేకుండా, నెయ్యి లేకుండా బిర్యానీ చేసింది. నిమ్మరసం పిండింది, కొబ్బరిపాలు పోసి చూసింది, నూనె పెంచింది. ఏం చేసినా బిర్యానీ బిర్యానీలా లేదు. ముందుగా పెదవి విరిచింది సంఘపెద్ద మల్లికార్జునరావు. పెద్దకులంలో పుట్టి, పెళ్లయ్యాక బాప్తిస్మం తీసుకున్న మనిషి. పేరు మార్చుకోలేదు, మీసం మార్చుకోలేదు. మాట మాత్రం తేనె పూసినట్టుంటుంది. "సిస్టర్, ఏమనుకోవద్దు. ఇది బిర్యానీనా, పులిహోరలో కోడి పడిందా?" అని పదిమందిలో అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ప్రేమజ్యోతి కూడా నవ్వేది, ఇంటికెళ్లి గిన్నెలు విసిరేది.

ఇలా ఉండగా నవంబరు చివర కోత పండుగ వచ్చింది. గుమ్మడికాయలు, కూరగాయలు, కేకులు అర్పణగా తెచ్చి వేలం పాడుకునే రోజు. ట్రాయ్‌లో పొలాలెక్కడివంటారా? సూపర్‌మార్కెట్‌లో కోసుకొచ్చేవాళ్లు. పొద్దున్నే మిరియమ్ వచ్చి పొయ్యి వెలిగించింది. ప్రేమజ్యోతి ఉల్లిపాయలు వేయిస్తుంటే ఎర్ర వైపు పెద్ద గరిటె పిడి ఊడింది. చెయ్యి చాపి దొరికిన సొరుగులోంచి ఇంకో గరిటె తీసింది. నీలం టేపు సొరుగది. గరిటె గిన్నెలో పడబోతుండగా మిరియమ్ ఒక్క ఉరుకున వచ్చి చేతిలోంచి లాగేసుకుంది.

"ముట్టుకోవద్దు!" అని అరిచింది ఇంగ్లీషులో. "దాన్ని ముట్టుకోవద్దు!"

కూరగాయలు తరుగుతున్న ఆడపిల్లలంతా తలలెత్తి చూశారు. మిరియమ్ గరిటెను గుడ్డతో తుడిచి సొరుగులో పెట్టి, తాళం వేసుకుని, ఇంకో మాట లేకుండా వెళ్లిపోయింది.

ప్రేమజ్యోతి చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. బాపట్ల అవతల ఊళ్లో, నాలుగో తరగతిలో, ఎండాకాలం మధ్యాహ్నం ఆ చెయ్యి ఇలాగే ఆగింది. బడి వరండాలో మంచినీళ్ల కుండ ఉండేది. మాలపల్లె పిల్లలకి ఎవరో ఒకరు వచ్చి పోసేదాకా ఆగాలి. దాహమేసి, ఎవరూ రాక, ఆ పిల్ల తనే గ్లాసు ముంచింది. మేష్టారు ముట్టుకోవద్దని అరిచాడు. అంతటితో ఊరుకోలేదు, అందరూ చూస్తుండగా కుండ నీళ్లు పారబోయించి, కుండని మెట్ల మీద వేసి పగలగొట్టించాడు. తర్వాత ఆ పిల్ల మిషన్ హాస్టల్లో చదివింది, నర్సయింది, సముద్రం దాటింది, ఎందరి ప్రాణాలో ఈ చేతులతో నిలబెట్టింది. ఆ అరుపు మాత్రం చెవిలోంచి పోలేదు. ఇప్పుడు ఇంగ్లీషులో విన్నది.

ఆవిడ చెయ్యి కడుక్కుని హాల్లోకి వచ్చి నతానియేల్‌ని పిలిచింది.

"ఇండియన్ స్టోర్‌కి వెళ్లి పెరుగు పెద్ద డబ్బాలు పట్రండి. నెయ్యి కూడా."

"జ్యోతీ, వద్దే. తెలిస్తే గొడవైపోద్ది."

"తెస్తారా, నన్నే పొమ్మంటారా?"

ఆయన తెచ్చాడు. ప్రేమజ్యోతి మిరియమ్ వాళ్ల ఎర్ర టేపు గిన్నెల్లో అన్నిటికంటే పెద్దది ఏరుకుని, అందులో కోడిముక్కలు వేసి, పెరుగు మొత్తం గుమ్మరించి, మోచేతుల దాకా ముంచి కలిపింది. తెలియక కాదు, మరిచిపోయీ కాదు. ఏడుపు ఆపుకుంటూ, పళ్లు కొరుకుతూ కలిపింది. "ఇప్పుడు పగలగొట్టుకోండి మీ కుండ," అని పైకే అంది.

ఆ మధ్యాహ్నం తిన్నవాళ్లు లొట్టలు వేశారు. మల్లికార్జునరావు రెండోసారి పళ్లెం పట్టుకొచ్చి, "ఇదీ బిర్యానీ అంటే! ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు సిస్టర్?" అన్నాడు. ఆవిడ ఇంకో గరిటెడు వేసింది.

మర్నాడు పొద్దున పాస్టర్ జయరాజు ఫోను. మెత్తటి మనిషి, కష్టమొస్తే ముందు ప్రార్థన చేసి తర్వాత చెబుతాడు. ఆ రోజు ప్రార్థన కూడా చెయ్యలేదు.

"అమ్మా, వాళ్లకి తెలిసిపోయింది. వంటిల్లు మొత్తం క్లోజ్ చేశారంట. మన అగ్రిమెంట్ క్యాన్సిల్ అంటున్నారు."

"ఎవరు చెప్పారయ్యగారూ?"

"ఎవరు చెబితే ఏముందమ్మా? మీరు చేశారా, లేదా?"

"చేశా."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఆయన అనలేదు గానీ, నిట్టూర్పులో వినపడింది. బుధవారం పాస్టర్ ఇంట్లో పెద్దలు కూర్చున్నారు. యూదులు ఒక దారి వదిలారట. చేసినావిడ స్వయంగా, అందరి ముందూ, చేసిన పని ఒప్పుకుని క్షమించమని అడగాలి. అది ఆదివారం కల్లా జరగకపోతే హాలు లేదు. డిసెంబరు ముంగిట్లో, మంచు పడుతుంటే, అరవై కుటుంబాలు ఎక్కడికి పోతాయి? అప్పటికే రెండు చోట్ల వెళ్లగొట్టిన సంఘమని పేరు. ఇంకెవడిస్తాడు? ఈసారి పోతే సంఘం మళ్లీ కూడుకోదని అందరికీ తెలుసు. ప్రేమజ్యోతికి అందరికంటే ఎక్కువ తెలుసు. ఆవిడ పిల్లలిద్దరూ వాళ్ల దారిన వాళ్లు పోయారు, ఆవిడకి మిగిలింది ఆ సంఘమే.

"సిస్టర్‌ని ఏమీ అనకండి," అన్నాడు మల్లికార్జునరావు, అందరికంటే ముందుగా, అందరికంటే దయగా. "ఆమెకి తెలిసిన పద్ధతి ఆమెది. ఒక సారీ చెప్పేసి, వంట బాధ్యత మా ఆవిడకి అప్పగించేస్తే సరిపోద్ది. ఏమంటారు?"

"నేను చెప్పను," అంది ప్రేమజ్యోతి. "నా చేతిలోంచి గరిటె లాక్కుంది ఆమె. సారీ ఆమె చెప్పాలి." లేచి కోటు వేసుకుని వచ్చేసింది. నతానియేల్ ఆమె చెప్పులు పట్టుకుని వెనకాల పరిగెత్తాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి గదా! ఎవరు చెప్పి ఉంటారో కూడా తేల్చేసుకుంది. షమీమ్. నంద్యాల పిల్ల, ఫార్మసిస్టు, శుక్రవారం ఆడవాళ్ల వైపు చూసుకునేది. కోత పండుగ రోజు మధ్యాహ్నం మరిచిపోయిన చాపల కోసం వచ్చి, వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసి వెళ్లింది. ఇంకెవరు చెబుతారు? శుక్రవారం నమాజు అయ్యే వేళకి ప్రేమజ్యోతి హాలు దగ్గర కాపేసింది.

"ఏం అమ్మాయ్, కడుపు నిండిందా మా మీద చెప్పి?"

షమీమ్ చాపలు చుడుతున్నది. చుట్టడం ఆపలేదు.

"నేను చెప్పలే ఆంటీ. చెప్పాల్సింది. చెప్పలే."

"చెప్పాల్సిందా!"

"మరి? మీరు చేసింది మంచి పనా? మా గిన్నెలో ఎవురన్నా కావాలని పందిమాంసం ఏస్తే మేం ఊరుకుంటామా? వాళ్లు ఇల్లిచ్చినారు. ఇచ్చినోళ్ల వంటింట్లో ఇట్లనా చేసేది?"

"మీకూ వాళ్లకూ కలిసింది గదా, అది తినొద్దు ఇది తినొద్దని. మాకట్లాంటి చాదస్తాల్లేవు. మా ప్రభువు అన్నీ శుద్ధి చేశాడు."

"అన్నీనా?" షమీమ్ అప్పుడు తలెత్తింది. "బక్రీదుకి మీకు ఒక పొట్లం మాంసం ఇచ్చినా, గుర్తుందా? మన తెలుగామె గదా, పెద్దామె గదా అని ఇచ్చినా. పార్కింగ్‌లో డబ్బాలో పడేసి పోయినారు. నేను కార్‌లోనే కూచోనున్నా."

"అది... మీరు బలి ఇచ్చిన మాంసం. వేరే పేరు చెప్పి కోసింది మేం తినకూడదు."

"ఏం వేరే పేరు? ఇబ్రాహీం కొడుకుని బలియ్యబోతే దేవుడు పొట్టేలునిచ్చిన రోజు అది. మీ అబ్రాహామే. కొడుకు ఇస్సాకంటారు మీరూ వాళ్లూ, మేం ఇస్మాయీలంటాం. పొట్టేలు పొట్టేలే గదా! వాళ్ల కోషర్ మాంసం మేం తింటాం. మా హలాల్ మాంసం వాళ్లు తినరు, తినం అని మొహం మీదే చెప్తారు, బాధ లే. మీరు మాత్రం చేత్తో తీసుకుని, థాంక్స్ అమ్మా అని, పోయి చెత్తలో ఏస్తారు. ఇంగ మీరొచ్చి నన్ను అడుగుతున్నారు!"

"మా ప్రభువుని ఈసా అని, ఉత్త ప్రవక్తని అంటారు మీరు. మీతో నాకు మాటలేంది," అంది ప్రేమజ్యోతి. తనకే చప్పగా వినపడింది.

"అవు, ప్రవక్తనే అంటాం. ఆయన తల్లి పేరు పెట్టుకున్న మర్యమ్‌లు మా ఇండ్లల్లో ఎంతమందున్నారో లెక్కే లేదు. ఆ పేరు చెప్పి ఎవురి అన్నమూ పారెయ్యలే." షమీమ్ చాపలు భుజాన వేసుకుని, సలామైనా చెప్పకుండా వెళ్లిపోయింది.

గోరుచుట్టు మీద రోకలిపోటు. ఇంటికి పోదామనుకుని కూడా ప్రేమజ్యోతి వంటింటి వైపు నడిచింది. ఆ కోపం ఎక్కడో ఒకచోట దించుకోవాలి గదా.

లోపల మిరియమ్ ఒక్కతే ఉంది. పెరుగు తగిలిన పెద్ద గిన్నె శుద్ధి కోసం పొయ్యి మీద నీళ్లతో తెర్లుతోంది. చెక్క గరిటెలన్నీ ఒక సంచిలో వేసి పారెయ్యడానికి గుమ్మం పక్కన పెట్టి ఉన్నాయి. సాయంత్రం పొద్దుగూకితే విశ్రాంతి దినం మొదలవుతుంది, ఆ తర్వాత ఆవిడ పొయ్యి ముట్టుకోకూడదు. మొహం చెమటతో, అలసటతో, కోపంతో ఎర్రగా ఉంది.

"క్షమాపణ చెప్పడానికొచ్చారా?" అంది.

"అడగడానికొచ్చాను. నా చెయ్యి తగిలితే మీ గరిటె పాడవుతుందా?"

మిరియమ్ అర్థం కానట్టు చూసింది. "మీ చెయ్యా? మీ చేతితో ఏం పని? పాల గరిటె మాంసంలో పడబోయింది. నా కూతురు ఒకసారి వెన్న కత్తి తెచ్చి ఇందులో పెట్టింది. దాన్నీ ఇలాగే అరిచాను, గిన్నెనీ ఇలాగే కాచాను. నియమం గిన్నెకి. మీకు కాదు."

"మరి పొయ్యి? పొయ్యి నేనెందుకు వెలిగించకూడదు?"

మిరియమ్ పొయ్యి వైపు తిరిగి మంట తగ్గించింది.

"అది మనిషిని బట్టే," అంది చివరికి. "దాన్ని తియ్యగా చెప్పడం నాకు రాదు. చుట్టూ ఉన్నవాళ్లలో కలిసి మాసిపోకుండా మా పెద్దలు వేసుకున్న కంచె. మమ్మల్ని అందరూ తరుముతున్న రోజుల్లో వేసుకున్నది. మీకది నచ్చక్కర్లేదు. నాతో పోట్లాడి ఉండొచ్చు. హాలు వద్దని వెళ్లిపోయి ఉండొచ్చు. మీరు మా గిన్నెలో, మాకు తెలియకుండా, కావాలని కలిపారు. నేను దేవుడికిచ్చిన మాటని మీరు నా వెనకాల తెంచారు."

అప్పుడు ప్రేమజ్యోతి ఎవరికీ చెప్పని మాట చెప్పింది. బడి వరండా, కుండ, మెట్లు. గుక్కతిప్పుకోకుండా, సాక్ష్యం చెప్పినట్టు కాదు, తిట్టినట్టు చెప్పింది. మిరియమ్ అంతా విన్నది. జాలి మాత్రం చూపలేదు.

"అది నాకు తెలుసు," అంది. "కుండ సంగతి కాదు, మీ పుట్టుక సంగతి. మీ మిస్టర్ రావు చెప్పారు."

"ఏం చెప్పారు?"

"ఆదివారం సాయంత్రమే ఫోన్ చేశారు. చెత్తలో పెరుగు డబ్బాలు చూశారట. ఆయనే చెప్పారు మీరేం చేశారో. మిమ్మల్ని వెనకేసుకొచ్చారు కూడా. ఆవిడ పుట్టిన జనాన్ని మా దేశంలో మంచి ఇళ్ల వంటగదుల్లోకి రానివ్వరు, అందుకే వాళ్లకి శుభ్రత, నియమం తెలియవు, మనసులో పెట్టుకోకండి అన్నారు. నేను నమ్మలేదు. ఏడాది నుంచి మీరు తోమిన గిన్నెలు చూస్తున్నాను. మీకు నియమం బాగా తెలుసు. అందుకే నాకింత కోపం."

రెండోసారి పళ్లెం పట్టుకొచ్చి నిలబడ్డ ఆ మీసం, తన చేతి అన్నం నములుతూ నవ్విన ఆ నోరు ప్రేమజ్యోతికి కళ్ల ముందుకొచ్చాయి. ఇన్నాళ్లూ ఒకే ప్రభువు, ఒకే రక్తం, సిస్టర్, సిస్టర్! షమీమ్ మాట కూడా అప్పుడే గుచ్చుకుంది. మొహం మీద చెప్పేవాళ్లు నయం.

"ఆదివారం చెప్తాను," అంది మిరియమ్‌తో. "వచ్చి వినండి."

కార్‌లోంచే పాస్టర్‌కి ఫోన్ చేసింది.

"అయ్యగారూ, క్షమాపణ అడుగుతా. ఈ ఆదివారం బల్ల ఆరాధన, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు గదా. బల్ల దగ్గరికి వచ్చేముందు గొడవపడ్డవాళ్లతో సమాధానపడాలంటారు గదా మీరు. అప్పుడే అడుగుతా. ఒక్క మాట. ద్రాక్షరసానికి తలా ఒక ప్లాస్టిక్ కప్పు వద్దు. అందరికీ ఒక్కటే పాత్ర పెట్టండి."

"ఇప్పుడదెందుకమ్మా?"

"మా అమ్మ చర్చిలో ఒక్కటే పాత్ర. నాకట్లా కావాలి." పాస్టర్‌కి ఏదో అనుమానం వచ్చింది గానీ, హాలు దక్కుతుంటే పాత్ర దగ్గర బేరమాడతాడా?

ఆదివారం హాలు నిండిపోయింది. ఆరాధనకి సరిగ్గా రాని వాళ్లు కూడా ఈ సంబడం చూడ్డానికొచ్చారు. మిరియమ్ వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది, లోపలికి వచ్చి కూర్చోమంటే వద్దంది. వాక్యం అయ్యాక పాస్టర్ పేరు పిలిస్తే ప్రేమజ్యోతి కొంగు తల మీద సర్దుకుని లేచింది. ఇంగ్లీషులోనే చెప్పింది, మిరియమ్‌కి అర్థమయ్యేలా.

"మీ గిన్నెలో పెరుగు నేనే కలిపాను. తెలిసే కలిపాను. మీరు నన్ను అంటరానిదాన్ని చేశారనుకుని మిమ్మల్ని ఏడిపించాలని కలిపాను. మీరు దేవుడికిచ్చిన మాట పాడుచేశాను. నన్ను క్షమించండి."

మిరియమ్ నవ్వలేదు. తల ఒక్కసారి ఊపింది. "విన్నాను," అంది. "హాలు ఉంటుంది." క్షమించానని మాత్రం అనలేదు. ప్రేమజ్యోతికి ఆవిడ మీద మొదటిసారి గౌరవం కలిగింది.

హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నారందరూ. పాట ఎత్తుకున్నారు. పెద్దలు ముందు వరసలో మోకరించారు. ప్రేమజ్యోతి వెళ్లి సరిగ్గా మల్లికార్జునరావు పక్కన మోకరించింది. ఆయన చిరునవ్వు నవ్వి, "చాలా మంచి పని చేశారు సిస్టర్," అని గొణిగాడు. రొట్టె అయింది. పాస్టర్ వెండి పాత్ర ఎత్తి, ప్రార్థన చేసి, ప్రేమజ్యోతి చేతికిచ్చాడు. ఆవిడ అంచుకి పెదవులు గట్టిగా ఆనించి తాగింది. పాస్టర్ చెయ్యి చాపినా తిరిగి ఇవ్వలేదు. రావు వైపు తిరిగి, తనే రెండు చేతులా అందించింది, తన పెదవులు ఆనిన వైపే ఆయన వైపుంచి.

"తీసుకోండి బ్రదర్," అంది. ఈసారి తెలుగులో, వెనక వరస దాకా వినపడేలా. "మా జనానికి శుభ్రత తెలియదని మిరియమ్ గారికి ఫోన్ చేసి చెప్పారంట గదా. మేం తాగిన పాత్ర మీరు తాగుతారో లేదో చూద్దామని అడిగి మరీ పెట్టించా."

పాట తెగిపోయింది. రావు మొహంలో రంగు మారింది గానీ చిరునవ్వు మారలేదు. పాత్ర అందుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తల వెనక్కి వాల్చి, పాత్రని పెదవులకి జానెడు ఎత్తున పట్టి, సన్నటి ధారగా నోట్లో పోసుకున్నాడు. సూటు మీద ఒక్క చుక్క పడలేదు, ఎంత అలవాటైన చెయ్యో!

"జలుబు చేసింది సిస్టర్," అన్నాడు మెల్లగా. "మీకు అంటుకుంటుందేమోనని."

పాత్ర పక్కకి వెళ్లింది. ఆయన భార్యా ఎత్తి పోసుకుంది. ఆవిడ పక్కనున్నాయన కాస్త తటపటాయించి, రావు వంక చూసి, ఎత్తి పోసుకున్నాడు. పాస్టర్ జయరాజు రొట్టె పళ్లెం మీద గుడ్డ సర్దుతూ ఉండిపోయాడు. వరస చివర నతానియేల్ ఒక్కడు అంచుకి నోరు ఆనించి తాగాడు, తాగి గట్టిగా ఏడ్చాడు. ఆయన గొంతు అంత పెద్దదని ఆ సంఘంలో ఎవరికీ తెలియదు. ప్రేమజ్యోతి కళ్లు మాత్రం చెమర్చలేదు. ఎవరెవరు ఎత్తి పోసుకున్నారో మొహం మొహం చూస్తూ అక్కడే మోకాళ్ల మీద ఉండిపోయింది.

ఆరాధన ముగిశాక ఎవరూ ఆవిడ దగ్గరికి రాలేదు. ఆవిడే లేచి, సిలువ దించి నతానియేల్ చేతికిచ్చి, వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లింది. మిరియమ్ ఇంకా అక్కడే ఉంది. తెలుగు మాటలు అర్థం కాకపోయినా అంతా చూసింది. తెలుసుకోవాలని నిజంగానే అడిగింది:

"మీ మతంలో ఆ పాత్ర పెదవులకి తగలకూడదా? కొందరు అలా పైనుంచి పోసుకున్నారు."

"లేదు," అంది ప్రేమజ్యోతి. "మా మతంలో అట్లాంటి నియమం ఎక్కడా లేదు. అది వాళ్లు ఊరి నుంచి తెచ్చుకున్నది."